గోడ ఎక్కలేని పెట్ట

పిల్లి తరిమితే చుక్కల పెట్ట గోడ మీదికి ఎగరలేక తోక ఈకలు పోగొట్టుకుంది. రైస్‌మిల్లు వెనక నూకల కుప్ప మీదే కూర్చుని తిని ఒళ్ళు బరువెక్కింది మరి. భయంతో, ఒళ్ళు తగ్గించుకోవాలని ఆ రోజు తిండి మానేసింది. మర్నాడు ఆకలికి ఆగలేక రెండింతలు మింగింది.

"నావల్ల కాదు వదినా," అంది బాతుతో.

"తిండి మానమని ఎవరన్నారు? కుప్ప మీద కాపురం మానెయ్. నేల కెలుక్కుని పురుగులు తిను, చివర్లో కాసిని నూకలు తిను," అంది బాతు.

పెట్ట గొణుగుతూనే మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు నీళ్ళ తొట్టి అంచు మీదికి ఎగిరింది, తర్వాత గోడ మీదికి. మళ్ళీ వచ్చిన పిల్లి కింద నిలబడి చూసి వెళ్ళిపోయింది.

"గండం గడిచిందిగా, ఇక కుప్ప మీదికి రా," అన్నాయి తోటి పెట్టలు.

పెరడంతా కెలికాకే వస్తానంది పెట్ట. వాన రోజున కూడా పెరడంతా కెలికాకే కుప్ప దగ్గరికి వచ్చింది.