అన్నయ్య వంతు ప్రాణం

అన్నయ్య పోయాక, మేమిద్దరం ఆడిన పాత ఆటలన్నీ ఉన్న చిన్న వీడియో గేమ్ కొనుక్కున్నాను. అరచేతిలో పట్టేంత ముద్దుగా ఉంది. రిమోట్ వైర్లే మరీ పొట్టివి. రాత్రి టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాను.

"కళ్ళు పోతాయే, వెనక్కి జరుగు," అంది అమ్మ పక్కగదిలోంచి.

"నేను జరిగితే గేమ్ కూడా నాతో వచ్చేస్తుందమ్మా!"

అలవాటు కొద్దీ 'ఇద్దరు' అని నొక్కాను. అన్నయ్య బొమ్మ కదలకుండా నిలబడిపోయింది. తను కదలకపోతే తెర ముందుకు జరగదు. అయినా ఆట మార్చబుద్ధి కాలేదు. ఆ బొమ్మకు కాపలా కాస్తూనే నా ప్రాణాలన్నీ పోగొట్టుకున్నాను.

తెర మీద ప్రశ్న వచ్చింది: తోటివాడి ప్రాణం తీసుకుంటావా?

అన్నయ్యకు ఒక్కటే మిగిలింది. చిన్నప్పుడైతే, "తీసుకోవే, ఏడుపుగొట్టుదానా," అని ఇచ్చేసేవాడు. నేను బాణం గుర్తును 'వద్దు' మీదికి జరిపాను.

అది మెల్లగా 'అవును' మీదికి వెళ్ళింది.

రెండో రిమోట్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. గేమ్‌లో మోగుతున్న సంగీతం ఆగిపోయింది. బాణాన్ని మళ్ళీ వెనక్కి లాగాను. ఈసారి అది వెంటనే, విసుగ్గా, 'అవును' మీదికి దూకింది.

"ఎవరితోనే మాటలు?" అంది అమ్మ.

"వద్దన్నయ్యా," అంటున్నాను నేను. "నీకున్నది అదొక్కటే."