నడుం పట్టిన మొగుడు

“ఓలమ్మో, మావా! వంగొద్దన్నానా?” చిట్టమ్మ పరుగున వచ్చి నీళ్ల బిందె పట్టుకోబోయింది.

“ఒగ్గీ! పెళ్లాం మోత్తే నాకు నామర్దా. తమ్ముడొచ్చి మోత్తాడు,” కసిరాడు కన్నబాబు.

కన్నబాబుకి డిస్కు జారిందని జాలరిపేటంతా తెలుసు. వేట నిషేధం మొదలైన వారంలోనే, నడుం నొప్పులని మొగుడూ పెళ్లాలిద్దరూ స్కాన్లు తీయించుకున్నారు. రిపోర్టులు తెచ్చింది కన్నబాబే.

“నీకేటీ నేదే. డిస్కు నాకే జారిందంట. బరువులెత్తకుండా, రోజూ నడిత్తే దానంతటదే తగ్గుద్దంట. కాలు పడిపోతే మాత్రం ఆపరేషనే.”

ఆపరేషన్ అన్న మాటకి చిట్టమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. పడవలు ఒడ్డెక్కిన ఆ రెండు నెలలూ ఇల్లు గడిచేది ఆమె నెత్తి మీది ఎండుచేపల గంపతోనే. జ్వరమొచ్చినా దించని మనిషి, మొగుడికి సేవ చెయ్యాలని ఆ గంప తోటికోడలికి ఇచ్చేసింది.

అంతటితో ఊరుకున్నాడా మహానుభావుడు? పొద్దున్నే ఇసకలో నడక.

“ఒక్కడినే తిరిగితే నవ్వుతారే. నువ్వూ రా.”

సాయంత్రం చాప మీద వ్యాయామం.

“ముందు నువ్వు సెయ్యి. నిన్ను సూసి నాను సేత్తాను.”

“సిన్నపిల్లోడివేటి? సంపేత్తన్నావు మావా!” అని తిడుతూనే చేసేది. ఆ హడావిడిలో తన నడుం నొప్పి సంగతే మరిచిపోయింది.

ఒకరోజు నడుస్తూ నడుస్తూ ఏడ్చేసింది. “నీ కాలు పడిపోతే నానెలా బతకాల?”

“నాను మాత్రం బతుకుతానేటే?” అన్నాడు కన్నబాబు. అతనికీ కళ్లు తడిశాయి.

నిషేధం ముగిసేరోజు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు ఇద్దరినీ వరసగా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తించి చూశాడు.

“గండం గడిచింది. ఆపరేషన్ అక్కర్లేదు.”

చిట్టమ్మ రెండు చేతులూ జోడించింది. “రేపు మా మావ వేటకెళ్లొచ్చా బాబూ?”

“నిక్షేపంగా.”

మరిదికి చెప్పాలని ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తింది. ఆ పరుగు చూస్తూ కన్నబాబు వెక్కివెక్కి ఏడ్చాడు. డాక్టరు అతని భుజం తట్టాడు.

“ఇప్పటికైనా చెప్పవయ్యా, డిస్కు జారింది ఆవిడకేనని.”