రేపు మళ్ళీ వస్తారా?

"మోచెయ్యి కాస్త కిందికి దించండి. అలా పైకెత్తి పట్టుకుంటే భుజం పట్టేస్తుంది," అన్నాడు గళ్ళచొక్కా.

కొత్త టీచరమ్మకి ఒళ్ళు మండింది. వయొలిన్ నేర్పడానికి వచ్చింది తను. నేర్చుకోవడానికి వచ్చినవాడు తన మోచెయ్యే సర్దుతున్నాడు! ఇంకోచోటైతే నాలుగు అంటించేదే. కానీ ఇవాళ నోరు మూసుకోక తప్పదు. ఇది కాలనీవాళ్ళంతా కలిసి నడుపుకునే సంగీతం బడి. పొద్దున్నే ప్రిన్సిపలమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

"చివరి గదిలో మీ మొదటి విద్యార్థి ఉంటారు. క్లాసయ్యాక, రేపు మళ్ళీ వస్తానని ఆ మనిషి స్వయంగా నాతో చెప్పాలి. అప్పుడే మీ ఉద్యోగం ఖాయం. కిందటిసారి వచ్చినాయన కేకలకి బడి సగం ఖాళీ అయిందమ్మా!"

ఈ ఉద్యోగం దక్కకపోతే అన్నయ్య చెప్పుల కొట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ పాదాలు కొలుచుకుంటూ బతకాలి. అందుకే టీచరమ్మ లేని నవ్వు తెచ్చుకుని మోచెయ్యి దించింది.

"ఇప్పుడు బాగుందాండీ?"

"బ్రహ్మాండం! ఎంత తొందరగా పట్టేశారండీ!" అని తెగ మురిసిపోయాడతను.

కిటికీ పక్క కుర్చీలో ఒక బామ్మ, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఇంతేసి మీసాలు పెంచిన మనిషి క్లాసుకి బామ్మని వెంటేసుకొచ్చాడేమిటా అనుకుంది టీచరమ్మ. అయినా ఇంట్లో పెద్దావిడ మాటకి విలువుంటుంది, ఆవిణ్ణి మంచి చేసుకుంటే పోయేదేముంది? ఫ్యాను ఆవిడ వైపు తిప్పింది. గళ్ళచొక్కా వెంటనే తన సీసాలోని మంచినీళ్ళు ఆవిడకిచ్చాడు. బామ్మ ఇద్దర్నీ చల్లగా ఉండమని దీవించింది.

ఇక అసలు పరీక్ష పెట్టాలి. కొత్తవాళ్ళ చెవి ఎలాంటిదో చూడ్డానికి వయొలిన్ టీచర్ల దగ్గర ఒక కిటుకు ఉంది. అందరికీ తెలిసిన జోలపాట ఏదైనా ఎత్తుకుని, మధ్యలో కావాలని ఒక స్వరం తప్పు వాయిస్తారు. ఉలిక్కిపడితే చెవి ఉన్నట్టు. తల ఊపుతూ కూర్చుంటే టీచరుకి తలనొప్పి మొదలైనట్టు. టీచరమ్మ అలాగే వాయించి, ఓరకంట చూసింది.

"ఆగండాగండి!" గళ్ళచొక్కా కుర్చీలోంచి లేచిపోయాడు. "అక్కడ స్వరం జారింది!"

టీచరమ్మ గాల్లో తేలిపోయింది. మొదటి రోజే ఇంత చురుకైన శిష్యుడా! మోచేతి సంగతి అక్కడికక్కడే క్షమించేసింది.

"ఇప్పుడు నేను వాయిస్తాను, మీరు వినండి," అన్నాడతను, తను తెచ్చుకున్న వయొలిన్ అందుకుని. అదే పాట. ఇంకోచోట తప్పు.

"పోయింది! అక్కడ పోయింది!" అని అరిచింది టీచరమ్మ.

తప్పు పట్టుకున్నందుకు ముఖం మాడ్చుకోవాల్సిన మనిషి ముఖం వెలిగిపోయింది. "భలే పట్టేశారే! ఏదీ, ఇది చెప్పండి చూద్దాం!"

ఇక చూడాలి వాళ్ళ సంబరం. ఒకరు తప్పు వాయించడం, ఇంకొకరు అరవడం. ఆ తప్పుని దాచి ఈ తప్పు, ఈ తప్పులో ఇంకో తప్పు. నవ్వీ నవ్వీ టీచరమ్మకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. గళ్ళచొక్కాకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పక్క గదిలో డ్రమ్ములు వాయించేవాళ్ళే గోల భరించలేక గోడ మీద కొట్టారంటే ఆలోచించండి. చివరికి ఇద్దరూ కలిసి ఆ జోలపాటని ఎక్కడా తప్పు లేకుండా, కమ్మగా వాయించేశారు. బామ్మ చప్పట్లు కొట్టింది.

"రేపు కూడా వస్తారు కదండీ?" అని అతనే అడిగాడు, ప్రాణాలన్నీ కళ్ళలో పెట్టుకుని.

"రాకేం! మీరు?"

"నేను రాకపోవడమా? వానొచ్చినా వరదొచ్చినా మానను!"

అప్పుడే గంట కొట్టారు. ప్రిన్సిపలమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఇద్దరూ ఒక్కసారే ఎదురెళ్ళారు.

"మేడమ్, ఈయన రేపు వస్తానంటున్నారు!"

"మేడమ్, ఈవిడ రేపు వస్తానంటున్నారు!"

ప్రిన్సిపలమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "మీరు రావడమేమిటి? మీరిద్దరూ టీచర్లేగా! గదులు చాలక ఇద్దర్నీ ఒకే గదిలో వేశాను. చెప్పలేదూ?"

"చెప్పలేదు!"

టీచరమ్మ అతని వైపు తిరిగింది. "అయితే మీరు నేర్చుకోవడానికి రాలేదా?"

"మీరూ రాలేదా?"

"మరి ఆవిడ మీ బామ్మగారు కాదా?"

"మీకు తోడొచ్చారనుకున్నానండీ!"

ఇద్దరూ మెల్లగా కిటికీ వైపు తిరిగారు. క్లాసంతా అయిపోయింది, అసలు విద్యార్థినికి ఒక్క ముక్క నేర్పిన పాపాన పోలేదు! చేతికి వయొలినైనా ఇవ్వలేదు. పైగా ఆవిడ ముందే చిన్నపిల్లల్లా గంతులేశారు. గళ్ళచొక్కా ఎక్కిళ్ళు ఎప్పుడాగాయో ఎవరూ గమనించలేదు.

"ఏమ్మా, క్లాసు నచ్చిందా? రేపు మళ్ళీ వస్తారా?" అని అడిగింది ప్రిన్సిపలమ్మ.

టీచరమ్మ కళ్ళు మూసేసుకుంది.

బామ్మ సంచీ చంకన పెట్టుకుని లేచింది. "రాకేం తల్లీ! ఇందాక అడుగడుక్కీ తప్పులు వాయించిన ఈ పిల్లలిద్దరూ గంట కొట్టేలోపు ఎంత చక్కగా నేర్చేసుకున్నారు! రేపు మా చెల్లెల్ని కూడా తీసుకొస్తాను. ఇంతకీ, టీచరుగారెప్పుడొస్తారు?"