ఖాళీ కొమ్మలు

అమ్మ మంచం కింద ముప్పై ఒక్క సీసాలు బయటపడ్డాయి. ఉప్పులో ఊరిన ఉసిరికాయలు, పాకంలో జామముక్కలు, ఎండిన రేగుపళ్ళు. అన్నీ మా పెరటి అడవివే.

ఆ అడవి నేను పెంచింది. మందు చుక్క తగలనివ్వలేదు. కాపు మొదలవగానే గేటు పీకేసి, "ఎవరైనా కోసుకోవచ్చు" అని బోర్డు పెట్టాను. నెల తిరిగాక, రోజూ నేను లేచేసరికి కొమ్మలు ఖాళీ. తాళాలే మనుషుల్ని దొంగల్ని చేశాయని కరపత్రం కూడా అచ్చేయించి పంచాను.

"వీధిలో దొంగలు లేరని రాశాను. దొంగ ఇంట్లోనే ఉందని తెలీక," అన్నాను. "నలుగురి నోటి దగ్గరిది లాక్కోడానికి చేతులెలా వచ్చాయి?"

అమ్మ సీసా మూత బిగిస్తూ, "మెల్లగా. పక్కింటి పిన్ని వింటుంది," అంది.

"విననీ. ఆవిడ పళ్ళేగా ఇవి."

"ఆవిడ ఒక్క కాయ ముట్టలేదురా. ఎవరూ ముట్టలేదు. ఊరికే ఇస్తున్నాడంటే ఏ మందో కొట్టుంటాడని పిల్లల్ని కూడా ఇటు రానివ్వరు. నెల్లాళ్ళు, రాలి కుళ్ళినవన్నీ నువ్వు లేవకముందే ఊడ్చాను. ఆనక పారేయడానికి మనసొప్పక, రాలకముందే కోసేశాను."

"ఆ మాట అప్పుడే చెప్పుంటే ఏం పోయేది? ఏడాదిపాటు నన్ను వెర్రివెధవని చేశావు."

"చెబుదామనే వచ్చాను. ఈలోగా నువ్వు ఖాళీ కొమ్మలు చూసి పరిగెత్తుకొచ్చి, 'అమ్మా, తీసుకెళ్ళారే' అన్నావు," అంది అమ్మ. "ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నావు."