నంజప్పకు రెండో సూది
"నొప్పి తగ్గేదానికి సూదేస్తాండానప్పా," అంది నర్సు జయలక్ష్మమ్మ, సిరంజిలోకి పెథిడిన్ ఎక్కిస్తూ.

ఆ మందుకే అలవాటు పడి ఆమె నాలుగేళ్ళ కిందట లైసెన్సు పోగొట్టుకుంది. 1984లో అది తిరిగొచ్చింది. పుంగనూరు నర్సింగ్ హోములో ఇది మొదటి డ్యూటీ.

కాలు విరిగి పడుకున్న నంజప్ప ఆమెను గుర్తుపట్టాడు.

"సిస్టరమ్మా! మదనపల్లెలో నా చెయ్యి విరిగినప్పుడు సూదేసింది నువ్వే గదా? సూదేసినా పొద్దుగూకేదాకా అరిస్తినని మా ఊర్లో ఇప్పటికీ నన్ను పిరికోడంటారు."

పక్కన కూర్చున్న అతని భార్య నవ్వింది.

జయలక్ష్మమ్మ సిరంజిని ట్రేలో పెట్టేసింది. లైసెన్సు తిరిగిచ్చినవాళ్ళు కూడా ఆమెను ఈ సంగతి అడగలేదు.

"ఆ పొద్దు నీకేసింది ఉత్త నీళ్ళప్పా. నీ మందు నేనేసుకుంటి."

నంజప్ప హెడ్ సిస్టర్‌ను పిలుస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది.

అతను భార్య వైపు తిరిగాడు.

"వింటివా మే? నేను పిరికోణ్ణి కాదంట. ఊర్లో అందరికీ చెప్పు."

తర్వాత ట్రే వైపు చూశాడు.

"ఇదీ నీళ్ళేనా?"

"కాదప్పా. మందే."

"అయితే ఎయ్యమ్మా. ఈ తూరి అరిస్తే నేను పిరికోణ్ణే."