ముందు వరసలో

నారాయణగూడలో క్యాసెట్ కిరాయికి తెచ్చుకుని, తన్మయి తనకిష్టమైన రాక్ బ్యాండ్ కచేరీ టీవీలో చూస్తోంది. కిందటేడు బెంగళూరులో జరిగిన కచేరీ అది.

కెమెరా జనం మీదికి తిరిగింది. ముందు వరసలో చేతులెత్తి ఎగురుతున్నాడు అన్న అనుదీప్.

రైలు పట్టాల మీద శవం దొరికిందని, అతనికి రెండేళ్ల కిందటే దినకర్మలు చేసేశారు.

తన్మయి బొమ్మను ఆపింది. "నాన్నా, అన్న బతికే ఉన్నడు!"

పక్కనే పేపరు చదువుతున్న తండ్రి ఆశ్చర్యపోలేదు. లేచి వెళ్లి వంటింటి తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగ మాట్లాడు. గా శవం వానిది కాదని నాకెరుకే."

"మరి అన్నేనని పోలీసులకు ఎందుకు చెప్పినవ్?"

"ఇగ మీ ముఖం చూడనని చెప్పి పోయిండు వాడు. సచ్చిండంటే మీ అమ్మ ఏడ్చి ఊకుంటది. మనల్ని వద్దనుకున్నడంటే బతకది."

తలుపు తెరుచుకుంది. చాయ్ తెస్తున్న తల్లి టీవీ ముందు ఆగిపోయింది. వంగి, అద్దం మీద ఆ ముఖాన్ని నిమిరింది.

"అచ్చం మనోని లెక్కనే ఉన్నడు కదనే?"

తన్మయి తండ్రి వైపు చూసింది. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అవునమ్మా. గట్లనే ఉన్నడు."

"ఏ తల్లి కన్నదో," అంది అమ్మ, "సల్లగుండాలె బిడ్డ."