తాడు తెగిన చోటు

కిట్వే రాగి గనిలో మనుషులను దించే కేజ్ తాడు చివర ఆరు నెలలకొకసారి ఒక ముక్క కోసి, తెగేవరకు యంత్రంతో లాగి చూస్తాము. పాత యంత్రం కనుక దాని ముల్లు టన్నులలో చెబుతుంది. నివేదిక మాత్రం కిలోన్యూటన్లలో రాయాలి. ఆ తెగే బలం 441 కన్నా తగ్గితే, కొత్త తాడు వచ్చేవరకు గని ఆగుతుంది.

ఆ ఉదయం ముక్క నలభై నాలుగున్నర టన్నుల వద్ద తెగింది. ఇంజనీరు కాపెంబ్వ గారు నివేదికలో 445 అని రాశారు.

"మాస్టారూ, పదితో గుణించారు. తొమ్మిది పాయింటు ఎనిమిది ఒకటితో గుణిస్తే 436.5 వస్తుంది," అన్నాను. రాత్రిబడిలో నాకు ఆ లెక్క నేర్పినవారు ఆయనే. పది వేసినందుకు ఒకసారి నాకు మార్కులు కోసినవారూ ఆయనే.

"ఓరి నా పండితుడా! గనిలో అందరూ పదే అంటారు. తాడుకేం తెలుసు?" అని నవ్వారు.

"రేపు అరవై మంది దిగుతారండీ."

"దిగనీ. నువ్వు సంతకం పెట్టు."

"నేనా? సంతకం మీది కదా?"

"గని నియమం మారి నాలుగేళ్లయింది, ముకుకా. లెక్క కట్టినవాడు వేరే, సంతకం పెట్టేవాడు వేరే ఉండాలి, సంతకం పెట్టేవాడికి పట్టా ఉండాలి. మరి నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని మూడేళ్లు ఎందుకు చదివించాననుకున్నావ్?"

నేను కలం అందుకుని 445 కొట్టివేశాను. 436.5 అని రాసి, పూర్తి పేరుతో సంతకం చేశాను. ఆయన ముఖం వైపు మాత్రం చూడలేకపోయాను, చూస్తే ఇంకా మాస్టారుగానే కనిపిస్తారేమోనని.